వేలెడు తక్కువ

లాయిడ్ హ్రుస్కా ధాన్యం గిడ్డంగిలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యాడు. భార్య పోయాక ఆయన నలుగురి మధ్యకు వచ్చేది శనివారాలే. మా కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లలో మైదానం అంచున గొలుసు పట్టుకునేవాడు. నాలుగు ప్రయత్నాల్లో బంతి పది గజాలు దాటిందో లేదో తేల్చేది ఆ గొలుసే; దాటకపోతే బంతి అవతలి జట్టుకి పోతుంది. దానికి రెండు చివర్లా రెండు కర్రలు. వెనక కర్ర లాయిడ్‌ది, ముందు కర్ర మెర్ల్ బొహాటీది. ఇరవై ఆరేళ్లు ఆ పది గజాల దూరం నుంచే ఒకరినొకరు ఆటపట్టించుకున్నారు.

ఆ ఏడు ఆగస్టులో మెర్ల్ గుండె ఆగి చనిపోయాడు.

ముందు కర్ర లాయిడ్ చేతికొచ్చింది. వెనక కర్రకు కర్టిస్ అనే ఇన్సూరెన్సు ఏజెంటు దొరికాడు. ఆట ఆగితే చాలు, జేబులోంచి ఫోను తీసేవాడు. నేను పైన గదిలో కూర్చుని స్కోరుబోర్డు నడుపుతాను, అక్కణ్ణుంచి అన్నీ కనిపిస్తాయి. మా కుర్రాడెవడైనా బంతి జారవిడిస్తే లాయిడ్ మెర్ల్‌తో ఏదో అనబోయినట్టు నవ్వుతూ వెనక్కి తిరిగేవాడు. కర్టిస్‌ను చూసి మళ్లీ ముందుకు తిరిగేవాడు.

ఆ సీజన్‌లో మావాళ్లు వరసగా తొమ్మిది ఓడారు. అక్టోబరు చివరికి గ్యాలరీలో ఆటగాళ్ల తల్లిదండ్రులే మిగిలారు. నవంబరులో ఆఖరి మ్యాచ్‌కి మాత్రం, మంచు పడుతున్నా, ఊరంతా వచ్చింది. ఒక్కటైనా గెలుస్తారేమోనని.

నిమిషం మిగిలింది. మూడు పాయింట్లు వెనకబడ్డాం. నాలుగో ప్రయత్నంలో మావాడు ముగ్గుర్ని మీదేసుకుని ముందుకు పడ్డాడు. కొలవమన్నాడు రెఫరీ. గొలుసు మైదానం మధ్యకు తెచ్చారు.

తన కర్ర పాతుతూ కర్టిస్ గొణిగాడు. "పెద్దాయనా, కాస్త వదులుగా పట్టుకో. వేలెడంతే కదా, ఎవడికి తెలుస్తుంది?"

లాయిడ్ గొలుసు బిగుతుగా లాగి కర్ర దించాడు. బంతి వేలెడు తక్కువైంది.

మావాళ్ల సీజన్ అక్కడితో అయిపోయింది. ముగ్గుర్ని ఈడ్చుకొచ్చిన కుర్రాడు మంచులో మోకాళ్ల మీద అలాగే ఉండిపోయాడు. "ఏ ఊరోడివిరా ముసలోడా!" అని గ్యాలరీలోంచి ఎవడో అరిచాడు. లాయిడ్ గొలుసు చుట్టి, గదిలో పెట్టి, ఒక్కడే నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం మెర్ల్ భార్య ఆర్లీన్ దగ్గరికెళ్లాడు. ఆమె కాఫీ, కొలాచీలనే తీపి రొట్టెలు పెట్టింది. లాయిడ్ చెప్పిందంతా విని అంది.

"మెర్ల్ అయితే గొలుసు వదులు చేసేవాడు, లాయిడ్."

"మెర్లా? చస్తే చెయ్యడు."

"చేశాడయ్యా. మనవాళ్లు కప్పు గెలిచిన ఏడాది. ఇంటికొచ్చి ఇదే కుర్చీలో కూర్చుని చెప్పాడు. 'లాయిడ్‌కి మాత్రం చెప్పకే, మళ్లీ నా మొహం చూడడు' అన్నాడు."

లాయిడ్ కొలాచీ సగం తిని లేచాడట.

వారం తరవాత ఫలహారశాలలో లాయిడ్ ఒంటరిగా కూర్చుని ఉంటే ఎదురుగా కూర్చున్నాను. ఈ సంగతంతా అప్పుడే చెప్పాడు.

"మోసం చేశాడని బాధా?" అని అడిగాను.

"కాదు. చెప్పి ఉంటే తిట్టేవాణ్ణి. రెండు వారాలు మాట్లాడేవాణ్ణి కాదు. ఆ తరవాత మామూలే." కప్పు పక్కకు జరిపాడు. "ఒకే గొలుసు పట్టుకున్నాం, ఇన్నేళ్లు. చెప్పలేకపోయాడు చూడు నాకు."

మళ్లీ సెప్టెంబరులో వచ్చాడు. ముందు కర్రే తీసుకున్నాడు. ఆ ఏడు మావాళ్లు రెండు గెలిచారు. బంతి ఎవరు జారవిడిచినా లాయిడ్ వెనక్కి తిరగలేదు.