పైవాటాలో కొమ్ముల దేవుడు

ఈ అరబ్బు దేశంలో, సీబ్ అనే ఊళ్ళో మేముండే విల్లా పైవాటాలోకి ఐర్లండు నుంచి వచ్చిన ఒకావిడ దిగింది. యాభై దాటిన మనిషి, ఒంటరిది. ఏదో ఇన్‌స్టిట్యూట్‌లో ఇంగ్లీషు చెప్పేది. మెట్ల మీద ఎదురైతే పలకరించేది, మా గుమ్మం ముందు ముగ్గు చూసి మెచ్చుకునేది. అంతవరకూ నాకు ఆవిడతో ఏ పేచీ లేదు.

ఒకరోజు బట్టలు ఆరేద్దామని డాబా ఎక్కాను. నీళ్ళ ట్యాంకు వెనక నీడలో చదునైన రాయి, దాని మీద వెనక్కి వంపు తిరిగిన రెండు కొమ్ములు, పుర్రె ముక్కతో సహా. ముందొక గిన్నెలో పాలు. పక్కన ఏవో ఆకులు కాల్చిన బూడిద. వంగి వాసన చూశాను. నెత్తురు వాసన లేదు. అయినా తడిబట్టల బకెట్టుతో అలాగే కిందికి దిగొచ్చేశాను.

మావారు వింటూనే నవ్వారు. "ఐర్లండు నుంచి విమానమెక్కి వచ్చింది మనకి చేతబడి చేయడానికా?"

"మీకన్నీ వేళాకోళమే. ఆ కొమ్ములెక్కడివి? ఇక్కడ కొండల్లో అడవి జంతువుని చంపితే జైలేనండి. అవి ఇంట్లో దొరికితే మనల్నీ అడుగుతారు."

పోలీసుల మాట వచ్చేసరికి ఆయన నవ్వు ఆగింది. "అయితే దూరంగా ఉండు," అన్నారు.

నేను దూరంగా ఉండలేదు, కనిపెట్టి చూడడం మొదలుపెట్టాను. శుక్రవారం పొద్దున్నే సంచీ తగిలించుకుని కారులో వెళ్ళేది. చెప్పులకి దుమ్ముతో మధ్యాహ్నానికి వచ్చేది. సాయంత్రం పైనుంచి చిన్న డప్పు చప్పుడు మెల్లగా వినిపించేది. స్కూల్లో పిల్లలకి కెమిస్ట్రీ చెప్పేదాన్నే అయినా, ఆ చప్పుడు వినగానే మా అబ్బాయిని కిటికీ దగ్గర నుంచి లాగేసేదాన్ని.

ఆఖరికి మెట్ల దగ్గరే అడిగేశాను. ఆవిడ దాచలేదు.

"కెర్నునోస్ అని మా పాత దేవుడు. జింక కొమ్ములుంటాయి. అడవికీ జంతువులకీ ఆయనే. నాకిక్కడ జింక కొమ్ములు దొరకలేదు. ఇవి కొండల వైపు సమాయిల్ అనే ఊళ్ళో మాంసం కొట్టువాడు పారేస్తుంటే అడిగి తెచ్చుకున్న మేక కొమ్ములు."

"బలి ఇస్తారా?"

"లేదు. పాలు, తేనె, ఓట్స్. అంతే."

"మంత్రాలో?"

"ఏవీ మిగల్లేదు. చెక్కిన బొమ్మలున్నాయి. పూర్వం ఎలా కొలిచారో ఎవరికీ సరిగా తెలియదు. ఇప్పుడు మేం చేసేది చాలావరకు మేం కల్పించుకున్నదే."

ఆ మాటతో నా అనుమానం ఇంకా పెరిగింది. కల్పించుకున్న దేవుడికి ఎవరైనా పాలు పోస్తారా? ఇంకేదో ఉంది, చెప్పడం లేదు అనుకున్నాను. "ఈ శుక్రవారం మీరూ రండి, చూడండి," అంది. నిజం కళ్ళారా చూద్దామని సరేనన్నాను.

సమాయిల్ దాటాక ఎండిన వాగు పక్కన కారు ఆపింది. రేగుచెట్టు కింద రాయి మీద రొట్టె ముక్క పెట్టి, తేనె పోసి, కళ్ళు మూసుకుని కూర్చుంది. నేను కొంచెం దూరంలో నిలబడి ఆవిడ చేతులనే చూస్తున్నాను. ఏ క్షణాన సంచీలోంచి కత్తి తీస్తుందోనని. తీయలేదు. కొండ మీంచి దిగిన మేకొకటి వచ్చి రొట్టె నమిలేసింది. ఆవిడ కళ్ళు తెరిచి, చిన్నపిల్లలా సంబరపడిపోయింది.

అంతలో పక్క ఖర్జూరం తోటలోంచి ఒకతను వచ్చాడు. కత్తి తీయలేదు కదా అని నేను "అమ్మయ్య" అనుకోవడం పైకే వినబడిందేమో, తెలుగులోనే అడిగాడు. కడప మనిషి.

"ఏం మేడమ్, ఈడేం జేస్తుండారు? ఆ రాయికాడ ఏందది?"

"పిక్నిక్కండి."

"పిక్నిక్‌కి రాయికి తేనె పోస్తారా? మా అర్బాబ్, ఈ తోట యజమాని, చూసినాడంటే తోటకి ఏమో చేసినారని గొడవ జేస్తాడు. నా డ్యూటీ పోతాది. ముందు బయల్దేరండి."

నాలుగుసార్లు తలూపి, ఆవిడని లేపి కారెక్కించాను. రోడ్డెక్కాక అడిగాను.

"ఎవరైనా వస్తే సమాధానం చెప్పడానికే నన్ను తెచ్చారా?"

ఆవిడ కారు వేగం తగ్గించింది. "కొంతవరకు అవును. కిందటి వారం కూడా అతను దూరం నుంచి చూస్తూ నిలబడ్డాడు. ఒంటరిగా భయమేసింది. చెప్పి తీసుకురావాల్సింది."

నాకు ఒళ్ళు మండింది. ఇంటికొచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూశాను.

నెలపైనే మాటల్లేవు. తర్వాత ఒక శుక్రవారం ఆవిడే తలుపు తట్టింది. "ఇంకో వాగుకి వెళ్తున్నాను. మధ్యాహ్నానికి రాకపోతే ఒక్కసారి ఫోన్ చేస్తారా?" కాదనలేకపోయాను. మధ్యాహ్నం దాటింది, రాలేదు. చేస్తే కారు ఇసకలో దిగబడిందట. మావారూ నేనూ తాడు పట్టుకుని వెళ్ళాం. ఆయన తాడు కడుతుంటే నేను వెళ్ళి ఆవిడ కారు డిక్కీ తెరిచి చూశాను. ఓట్స్ పొట్లం, గొడుగు, ఖాళీ నీళ్ళ సీసాలు.

ఆవిడ చూసింది. కోపగించుకోలేదు. "సంచీ కూడా చూడండి," అని అందించింది. మొహమాటపడకుండా చూశాను.

ఆవిడ ఇంకా పైవాటాలోనే ఉంది. నవంబరు మొదట్లో, చలికాలం మొదలయ్యే తమ పండగని, ఆపిల్ ముక్కలు పంపింది. అందులో ఏం కలిపిందో అడిగి తెలుసుకున్నాకే మా అబ్బాయికి పెట్టాను.