తుపాకికి తలంటు

పెళ్లయి సిద్దిపేటకు వచ్చిన కొత్తలో నాకు వింతగా తోచింది ఒకటే. మా ఇంట్లో శుక్రవారం ఆడవాళ్ల తలంటు కంటే ముందు తుపాకి తలంటు జరిగేది.

మా ఆయన పట్నం నుంచి తెప్పించుకున్న లైసెన్సు రైఫిల్ అది. ఒక గుండు పేలగానే రెండోది దానంతట అదే లోపలికి ఎక్కుతుందట. పేలగా మా ఇంట్లో ఎవరం చూడలేదు గనక 'అట' అంటున్నాను. పక్క ఊరి దొర తుపాకి కొన్నాడని తెలిసిన నెలకే ఇది మా ఇంటికి వచ్చింది.

శుక్రవారం పొద్దునే ఆయన వీధి అరుగు మీద దుబ్బాక తువ్వాల పరిచేవారు. నా పుట్టింటివాళ్లు పెట్టిన కొత్త తువ్వాల. ముందు గుండ్లు తీసి దూరంగా పెట్టి, లోపల ఏదీ మిగలలేదని మళ్లీ మళ్లీ చూసుకునేవారు. ఆ జాగ్రత్తకు నేను వంక పెట్టను. తర్వాత భాగాలు విప్పి వరుసగా పేర్చి, ఇత్తడి కడ్డీ కొసకు మెత్తటి గుడ్డ చుట్టి, నూనెలో ముంచి, గొట్టంలో ఆడించేవారు. మసి వదిలి గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడవాలట. పేల్చని గొట్టంలో మసి ఎక్కడిది? మొదటిసారే తెల్లగా వచ్చేది. అయినా ఒంటికన్నుతో గొట్టంలోంచి ఆకాశాన్ని చూసి, తృప్తి చాలక మళ్లీ మొదలుపెట్టేవారు. బజారుకు పోయే షావుకార్లు నిలబడి చూసేదాకా ఆ పని తెమిలేది కాదు.

అవి యుద్ధం రోజులు. దీపాలకు గ్యాసునూనె దొరక్క మేము పొద్దుండగానే తిని పడుకునేవాళ్లం. తుపాకి స్ప్రింగులు మాత్రం గిన్నెడు గ్యాసునూనెలో హాయిగా మునిగి ఉండేవి.

ఆ ఏడు వడ్లన్నీ సర్కారు లెవీకి కొలిచి ఇచ్చాక, మా తిండికి ఇంటి వెనక మక్కచేనే దిక్కయింది. దగ్గరుండి విత్తనం వేయించింది నేను. కంకులు పాలు పట్టే వేళకు అడవి పందులు వాటికి మరిగాయి. ఒకరోజు తెల్లవారి చూస్తే చేను ఓ మూల నేలమట్టమై ఉంది. నాకు ఏడుపొచ్చింది.

ఆ వచ్చిన శుక్రవారమే, ఇంకా అరుగు మీద నూనె వాసన పోకముందే, జీతగాడు రొప్పుతూ వచ్చాడు.

"దొరా, పందులు పడ్డయి. తుపాకి తీస్కొని రాండ్రి."

"ఇయ్యాల రాదుర. గిప్పుడే తుడిసిన. పేలిస్తే మసి పడ్తది" అన్నారు మా ఆయన.

లోపలి నుంచి మా అత్త వచ్చింది. "మసి పడ్తే మల్ల తుడుసుకో కొడుకా. చేను పోతే ఏం తింటం?"

"దీని సంగతి నీకు తెల్వదవ్వా."

నాకు ఒళ్లు మండిపోయింది. అరుగు మీది నూనె డబ్బా ఒక చేత, ఇత్తడి కడ్డీ ఒక చేత పట్టుకుని చేనుకు ఉరికాను. చేతులు పడిపోయేలా వాయించాను. ఆ చప్పుడుకు ముందు పెద్దది, దాని వెనక పిల్లలు, అన్నీ గట్టు దాటి పోయాయి. డబ్బాలో మిగిలిన నూనె నా నెత్తిన పడి, నాకూ ఆ శుక్రవారం తలంటు అయిపోయింది.

మా ఆయన అప్పుడు వచ్చారు. చేను వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు.

"కడ్డీ వంగిపొయ్యింది. ఇగ తుపాకి ఎట్ల తుడవాలె?" అన్నారు.

 కోతల దాకా రోజూ ఆ డబ్బా వాయించాను. తుడిచే కడ్డీ లేదు గనక తుపాకి పేల్చరాదని ఆయనకు కొత్త కారణం దొరికింది.

మక్కలు ఇంటికి వచ్చాక కొమురవెల్లి నుంచి ఆయన మేనబావ వచ్చాడు. వేయించిన మక్కలు తింటూ, "మా దిక్కు పందులు ఒక్క కంకి మిగల్చలే. మీకెట్ల దక్కింది?" అని అడిగాడు.

"మా తుపాకి వాసనకే అవి ఇటు రావు" అన్నారు మా ఆయన.

"ఏదీ, సూపెట్టు బావా."

మా ఆయన నన్ను పిలిచి తుపాకి తెమ్మన్నారు. నేను లోపలికి పోయి, సొట్టలు పడిన డబ్బా, వంగిన కడ్డీ తెచ్చి, ఆ దుబ్బాక తువ్వాల మీదే మేనబావ ముందు పెట్టాను.

మేనబావ మా ఆయన మొహం చూశాడు. మా ఆయన గోడ చూశారు. మా అత్త మక్కలు ఒలుస్తూ, తలెత్తకుండానే అంది.

"గదే అల్లుడా. మా చేను కాసింది గదే."