సూర్యలంకలో గరిటె పెట్టిందెవరు

కిరసనాయిలు వాసన ఎక్కడ తగిలినా ఇప్పటికీ నా అరికాళ్ళకు ఇసుక అంటుకున్నట్టే ఉంటుంది. మొన్న మా వీధిలో పాత సామాను కొనే బండి మీద తుప్పు పట్టిన స్టవ్ ఒకటి కనబడగానే, తెనాలిలో తెల్లవారుజామున పాసింజరు ఎక్కిన ఆ వేసవి మొత్తం గుర్తొచ్చింది.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. బాపట్ల దగ్గర సూర్యలంకలో, సరుగుడు తోట పక్కన రెండు గదుల కాటేజీ నాన్న రెండు రోజులకు తీసుకున్నారు. వంట మనమే చేసుకోవాలన్నారు కాబట్టి బియ్యం మూట, చింతపండు, కారం డబ్బా, ఆవకాయ జాడీ, కత్తిపీట, నాన్నమ్మ మట్టి దాక అన్నీ మాతో పాటే రైలెక్కాయి. స్టవ్ మాత్రం బాబాయి ఒళ్ళో కూర్చుంది. బాపట్లలో దిగి ఆటోలో వెళ్తుంటే ముందు గాలిలో ఉప్పు తెలిసింది, తర్వాత హోరు, ఆ తర్వాత ఒక్కసారిగా సముద్రం! చెప్పులు ఆటోలోనే వదిలేసి, అల వెనక్కి పోతూ కాళ్ళ కింది ఇసుకను లాగేస్తుంటే గొంతు పోయేదాకా కేకలు పెట్టాను.

అప్పుడే ఒడ్డుకొచ్చిన పడవ దగ్గర నాన్న వంజరం కొన్నారు. పడవ మావయ్య నన్ను చూసి నవ్వాడు.

"సాయంత్రం రామ్మా, ఓ చుట్టు తిప్పుతా. ఇద్దరికి చోటుంది."

"నేనూ, బాబాయీ!" అన్నాను, ఎవరినీ అడక్కుండానే. ఇక ఆ పూటంతా నాకు కాలు నిలవలేదు.

నాన్నమ్మ పులుసు పెట్టింది. మా ఇంట్లో చేపల పులుసుకు గరిటె తగలకూడదు. దాకను గుడ్డతో పట్టుకుని గుండ్రంగా తిప్పాలి, లేకపోతే ముక్కలు చితికిపోతాయి. "చూస్తా ఉండు. గరిటె పెట్టావంటే చేతులు విరగ్గొడతా" అని నన్ను కాపలా పెట్టి స్నానానికి వెళ్ళింది. కిటికీలోంచి పెద్ద అల కనబడితే వరండా దాకా వెళ్ళొచ్చాను, అంతే. వచ్చేసరికి దాకలో గరిటె, గుమ్మం దగ్గర వేళ్ళు నాకుతూ బాబాయి. ఆ గరిటె పైకి తీశానో లేదో, అమ్మ వచ్చింది.

"ఏంటే ఇది? ముక్కలన్నీ పిండి పిండి చేశావు!"

"నేను కాదమ్మా, బాబాయి!"

"నేనెక్కడ? ఇప్పుడేగా వచ్చింది" అన్నాడు ఆ పెద్దమనిషి.

"చేతిలో గరిటె పెట్టుకుని అబద్ధాలు కూడానా? సాయంత్రం పడవా లేదు, గిడవా లేదు."

ఆ మధ్యాహ్నం ఆవకాయతోనే తిన్నాను. ఎంతమంది బతిమాలినా పులుసు ముట్టలేదు. సాయంత్రం బాబాయి ఒక్కడే పడవెక్కి చెయ్యి ఊపుతుంటే, ఒడ్డున అమ్మ నా చెయ్యి వదలకుండా నిలబడింది. నేను సముద్రానికి వీపు తిప్పుకున్నాను.

అప్పటి నుంచి ప్రతి పెళ్ళిలో, ప్రతి పంక్తిలో "గరిటె పెట్టిందెవరు బాబాయ్?" అని అడుగుతూనే ఉన్నాను. పోయిన నెల మా తమ్ముడి పెళ్ళిలో చివరికి ఒప్పుకున్నాడు.

"నేనేనే తల్లీ! ఉప్పు చూద్దామని. ఇక వదిలెయ్యవే."

ఎగిరి గంతేసి, ఆయన్ని చెయ్యి పట్టుకుని అమ్మ దగ్గరకు లాక్కెళ్ళాను. అమ్మ తమలపాకులు తుడవడం కూడా ఆపలేదు.

"నాకప్పుడే తెలుసులేవే. వాడి మూతికి పులుసు కనబళ్ళా? నీకు ఈత రాదు. నిన్ను సముద్రం మీదికి పంపాలంటే గుండె జారిపోయింది. సాకు దొరికింది."

బాబాయి పడీ పడీ నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆ కాటేజీ ఇప్పుడు లేదు. అక్కడ రిసార్టు లేచింది. గదుల్లో వంట చెయ్యరాదని గోడ మీద రాశారు. దాకను తిప్పే నాన్నమ్మా లేదు. పడవలు మాత్రం ఇంకా వస్తున్నాయట. వచ్చే ఆదివారం వెళ్తున్నాను. అమ్మకు, తిరిగి ఒడ్డుకొచ్చాకే ఫోన్ చేస్తాను.