ఎదురెక్కిన వాలుగలు

పోయిన వారం కోరుట్ల నుంచి సిరిసిల్లకు పెండ్లికి పోతుంటే జలాశయం పక్కన బస్సు కాసేపు ఆగింది. కింద నీళ్ల అంచున కొందరు ప్లాస్టిక్ సంచుల మూతులు విప్పి చేపపిల్లలను వదులుతున్నారు. అన్నీ బొచ్చె, రవ్వు జాతులేనట, వాలుగను మాత్రం సర్కారు ఇవ్వదట, అది మిగతావాటిని తినేస్తుందని పక్క సీటాయన చెప్పాడు. ఆ పేరు విని ఎన్నేళ్లయిందో. సంతోషమో దుఃఖమో ఏదో ఒకటి కలగాలి కదా, ఏదీ కలగలేదు.

మా ఈడు వాళ్లకు వాలుగను గురించి చెప్పనక్కరలేదు. పెద్ద నోరు, పొడుగాటి మీసాలు, పొలుసు లేని ఒళ్లు. ఎండాకాలమంతా మానేరు మడుగుల్లో అడుగున పడి ఉండి, తొలకరికి వాగుల్లోంచి ఎర్రనీళ్లు దిగగానే ఆ పారకానికి ఎదురెక్కి, మునిగిన గడ్డిలో గుడ్లు పెట్టేది. నన్ను పెంచిన మేనమామ వల వేసి బతికినవాడు, ఇవన్నీ ఆయన చెప్పినవే. గుడ్లు పెట్టిన రెండు మూడు రోజులకు పొద్దున్నే నన్ను వాగుకు తీసుకెళ్లి, తెల్లపంచె కొసను పారే నీళ్లలో పరిచి మెల్లగా పైకెత్తేవాడు. బట్ట మీద దారపు పోగుల్లాంటివి కదిలేవి, ఒక్కో పోగుకు రెండు నల్లచుక్కలు, అవే కళ్లు. ఈదే సత్తువ ఇంకా రాని ఆ పిల్లలు నీళ్లు ఎటు మోస్తే అటు కొట్టుకుపోయి పెద్ద ఏట్లో పడతాయని చెప్పి, పంచెను మళ్లీ నీళ్లలో ముంచేవాడు. వాలుగలు ఎదురెక్కే ఆ వారం పది రోజులు ఆయన వల ముట్టేవాడు కాదు, ఇంట్లో చారూ మెతుకులే.

నాకు వల అబ్బలేదు. సిరిసిల్లలో సాంచాల మీద పనికి కుదిరాను, మరమగ్గాలను మేము అలాగే అంటాం. నాకు ఇద్దరు పిల్లలు పుట్టాక ఒక ఏడు నూలు రాక సాంచాలు నెలల తరబడి ఆగిపోయాయి. తొలి వాన పడ్డాక, చేపల దారి తెలిసినవాణ్ని కనుక, తోటి పనివాళ్లను నలుగురిని వెంటబెట్టుకుని, వాగు మానేరులో కలిసే చోట ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా కట్టెలు పాతి దోమతెరలు కట్టించాను.

సంగతి తెలిసి మామ వచ్చాడు. కోపం చేయలేదు. మోకాలి లోతు నీళ్లలో నిలబడి తెరను కాసేపు చూసి, "ఒక్క పక్క ఇడువు అల్లుడా, పొయ్యేటియి పోనీ," అన్నాడు.

"సాంచాలు బందున్నయి మామా, పిల్లలకేం పెట్టాలె?" అన్నాను.

మామ ఒడ్డెక్కి వెళ్లిపోయాడు.

మూడు రోజులు పట్టాం. ఒక్కోదాని పొట్ట కోస్తే దోసిళ్లకొద్దీ గుడ్లు. నా భార్య వాటిని వేయించి పెడితే పిల్లలు కడుపునిండా తిన్నారు, నేనూ తిన్నాను, బాగున్నాయి కూడా. తర్వాత ఒక పొద్దున మామ నన్ను పిలవకుండానే వాగుకు పోయాడని తెలిసి వెనకే వెళ్లాను. పంచె పరిచి ఎత్తాడు, మళ్లీ పరిచి ఎత్తాడు. బట్ట మీద బురద, రెండు ఆకులు. పంచె పిండి భుజాన వేసుకుని నా పక్క నుంచే నడిచిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేదేమో.

మరుసటి ఏడు వాన పడగానే నేనే పోయి, తెరలు కట్టబోతున్న వాళ్లను బతిమాలి ఒక పక్క బారెడు దారి విడిపించాను. వారం రోజులు మామతో పాటు అక్కడే కావలి ఉన్నాను. ఆ ఏడు బట్ట మీద నాలుగైదు పోగులు కదిలాయి. మామ వాటిని చాలాసేపు చూసి, చాలన్నట్టు తలూపాడు. తర్వాతి ఏళ్లలో వాగు మీద ఒకదాని వెనక ఒకటి అడ్డుకట్టలు లేచాయి, కింద పెద్ద ఆనకట్ట వచ్చింది. వాలుగకు ఎక్కే దారీ, పిల్లలకు దిగే దారీ రెండూ మూసుకుపోయాయి. మామ పోయిన రోజు నాకు ఏడుపు రాలేదు, వచ్చిన చుట్టాలు నన్ను వింతగా చూశారు.

ఇప్పుడు కోరుట్లలో కూతురి దగ్గర ఉంటున్నాను. ఎండాకాలంలోనూ పొలాలు పచ్చగా ఉంటున్నాయి, ఆ ఆనకట్టల నీళ్లతో పండిన అన్నమే నేనూ తింటున్నాను, వద్దనే నోరు నాకు లేదు. వాన పడితే ఎన్ని గేట్లు ఎత్తారో ఫోన్లో చూసుకుంటాం. వాగు వచ్చిందంటే ఒకప్పుడు ఏమొచ్చిందని అడిగేవాళ్లం, ఇప్పుడు ఎంతొచ్చిందని అడుగుతున్నాం. ఎంత వచ్చిందో చెబుతారు, విని ఊరుకుంటాను.