అయిదు తీగల గిటార్ పట్టుకున్న రోజు

ఎనభైల చివర్లో కాజీపేటలో మా చర్చి పాటల బృందంలో నేను బాస్ గిటార్ వాయించేదాన్ని. హన్మకొండలో ఒక ఆర్కెస్ట్రా ఆయన తన రెండు బాస్ గిటార్లు అమ్ముతున్నాడని తెలిసి, అన్నతో కలిసి వెళ్లాను. ఒకటి నాలుగు తీగలది, ఇంకోటి అయిదు తీగలది.

“నీ చేతులు చిన్నగున్నయి బిడ్డా, నాలుగు తీగలదే తీస్కో,” అన్నాడాయన.

నాకు పౌరుషం వచ్చింది. ఆంప్లిఫైయర్‌కు కలిపి ఉన్న అయిదు తీగలది భుజానికి తగిలించుకుని, అన్నిటికంటే లావు తీగ మీటాను. ఆ మోతకు కిటికీ రెక్కలు అదిరాయి.

“అన్నా, ఇదే కావాలి!” అంటూ ఒక చెయ్యి తీగల మీదుండగానే, రెండో చేత్తో సరదాగా పక్కనున్న మైకు పట్టుకున్నాను. అంతే, ఒళ్లంతా బిగుసుకుపోయింది. షాక్! చేతులు ఊడి రావడం లేదు, గొంతు పెగలడం లేదు. నేను వణికిపోతుంటే, స్టేజీ మీది పాటగాళ్లలా ఊగుతున్నాననుకుని వాళ్లిద్దరూ నవ్వుతున్నారు.

నా ముఖం చూడగానే అన్న నవ్వు ఒక్కసారిగా ఆగిపోయింది. పరుగెత్తి ప్లగ్గు పీకేశాడు. నేను కుప్పకూలాను.

“ఆటాడుతున్నవనుకున్న చెల్లె... నవ్విన,” అంటూ నా అరచేతులు రుద్దుతూ ఏడ్చాడు.

తప్పు ఆంప్లిఫైయర్ వైరింగుదని తర్వాత తేలింది. కోలుకున్నాక ఆ అయిదు తీగల గిటార్‌నే తెచ్చుకున్నాను. ఎదురుగా అయినవాళ్లున్నా మనిషి ఎంత ఒంటరో ఆ రోజే తెలిసింది. ఆ తర్వాత నేనెక్కడ వాయించినా అన్న మాత్రం పాట వినేవాడు కాదు. స్విచ్చు పక్కన కూర్చుని నా ముఖమే చూసేవాడు.