బాపు పంపిన వాజిలీను డబ్బా

మొన్న ఆదివారం నా కూతురి మీద అరిచాను. పక్కింటి వాళ్లు కిటికీలోంచి తొంగిచూసేంత గట్టిగా అరిచాను. వచ్చే నెల నా పదవీ విరమణ. బడి వాళ్లు గేటు ముందు పెద్ద ఫ్లెక్సీ కడతారట, దానికో ఫొటో కావాలట. ఈ పిల్ల ఫోనులో ఏదో వీడియో చూసి, రోజూ మందంగా పట్టిస్తే ముఖం మీది ముడతలన్నీ మాయమవుతాయని నమ్మి, కరీంనగర్ బజారుకు పోయి పెట్రోలియం జెల్లీ డబ్బా కొనుక్కొచ్చింది. "జర పది దినాలు పూస్కో అమ్మా, ఫ్లెక్సీల మంచిగ కనవడ్తవ్" అంటూ వేలితో ఇంత తీసి నా చెంపకు రాయబోయింది. ఆ జిడ్డు తగిలీ తగలకముందే డబ్బా లాక్కుని గోడకేసి కొట్టాను. పాపం, దానికేం తెలుసు, బిత్తరపోయి చూసింది. ఆ రోజు దానికి చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. నా ఈడు వాళ్లయితే నన్ను త్వరగా అర్థం చేసుకుంటారనుకుంటాను, తిట్టినా వాళ్లే సరిగ్గా తిడతారు.

ఆ వీడియోలు చేసేవాళ్లు ఎదురుపడితే మాత్రం ఊరుకోను. మా బడిలో పిల్లలను చూడటానికి వచ్చిన చర్మ వైద్యురాలిని ఒకసారి నేనే అడిగాను. ఆ జెల్లీ చర్మంలో ఉన్న తడిని బయటికి పోనీయదు, పగుళ్లకు చాలా మంచిది, కానీ పడిన ముడతను అది చెరపలేదని ఆమె స్పష్టంగా చెప్పింది. ఇంత చిన్న మాట నాకు పదకొండేళ్లప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. అయినా నేను చేసింది తెలియక చేసిన పని కాదు, ఆ సాకు నాకు దొరకదు.

మా ఊరు లక్సెట్టిపేటకు గంట నడక. నేను మూడో తరగతిలో ఉండగా మా నాన్న, మేం బాపు అంటాం, దుబాయి పోయాడు. మా ఊరి నుంచి పోయినవాళ్లలో ఎక్కువమంది ఎండలో ఇటుకలు మోశారు, బాపుకు మాత్రం ఒక పెద్ద దుకాణంలో, చల్లటి గదిలో సామాన్లు సర్దే పని దొరికింది. ఇక్కడ ఉన్న రెండెకరాల పసుపు, మక్కజొన్న అంతా అవ్వ నెత్తిన పడింది, మా వైపు అమ్మనే అవ్వ అంటాం. పసుపు తవ్విన రోజుల్లో పెద్ద కడాయిల్లో దుంపలు ఉడకబెట్టేటప్పుడు ఆ ఆవిరి, ఆ పొగ, పైన ఎండ, వీటి మధ్య అవ్వ పొద్దంతా నిలబడేది. మూడేళ్లకు బాపు మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు తెల్లగా, నున్నగా, కొత్త పెండ్లికొడుకులా ఉన్నాడు. అవ్వకు అప్పటికి ముప్పై నాలుగో ముప్పై అయిదో. కళ్ల పక్కన, నుదుట, మూతి చుట్టూ గీతలు పడిపోయాయి.

బాపు పెట్టె విప్పి చీరలు, సబ్బులు, సెంటు సీసాలు పంచుతున్నప్పుడు ఇల్లంతా చుట్టాలే. అప్పుడు మా మేనత్త, బాపుకు అక్క, అందరూ వినేలా అన్నది: "గీళ్లను చూడుండ్రి, ఆలుమొగల లెక్క ఉన్నరా? తల్లీకొడుకుల లెక్క కొడ్తుండ్రు!" అందరూ నవ్వారు. బాపు కూడా నవ్వాడు. ఆ మేనత్త పోయి ఇరవయ్యేళ్లయినా ఆ మాటకు నేను ఆమెను క్షమించలేదు, ఆ నవ్వుకు బాపును కూడా క్షమించలేదు. అవ్వ కొంగు సర్దుకుని, చాయ పెట్టుకొస్తానని లోపలికి పోయింది.

బాపు తిరిగి వెళ్లిన కొద్ది రోజులకు నేను మధ్యాహ్నం అన్నం గిన్నె మరిచిపోయానని అవ్వ చేను నుంచి నేరుగా బడికి వచ్చింది. నా పక్కన కూర్చునే పిల్ల "మీ అమ్మమ్మ వచ్చిందే, పిలుస్తుంది" అన్నది. దాన్ని దిద్దాలి కదా, నేను దిద్దలేదు. గిన్నె తీసుకుని గబగబా లోపలికి వచ్చేశాను.

ఆ రోజుల్లో దుబాయి ఉత్తరం అంటే మన ఇళ్లలో ఎట్లా ఉండేదో మీకు గుర్తుండే ఉంటుంది. అవ్వకు చదువు రాదు. మొగుడూ పెళ్లాల మధ్య ఏ మాట నడవాలన్నా అది నా నోటి గుండానే నడవాలి. నీలం రంగు పలచటి ఉత్తరం రాగానే అవ్వ చేతులు కడుక్కుని గడప దగ్గర కూర్చునేది, నేను చదివేదాన్ని, ఆమె మళ్లీ ఒకసారి చదవమనేది. ఆ ఏడు చలికాలంలో బాపుతోపాటు ఉండే మా ఊరాయన సెలవు మీద వస్తూ ఒక ఉత్తరం, ఒక పెద్ద వాజిలీను డబ్బా తెచ్చి ఇచ్చాడు. బాపు అందులో ఏం రాశాడో ఇప్పటికీ అక్షరం అక్షరం చెప్పగలను. నీ మడమల పగుళ్లు చూసి వచ్చినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు, చేనుకు పోయినప్పుడు నెత్తురు కారుతుందట, దినాం కాళ్లు కడుక్కుని ఈ మందు పూసుకో, అయిపోతే మళ్లీ పంపుతాను అని రాశాడు.

నేను అది చదవలేదు. డబ్బా మొకానికి పూసుకొమ్మన్నడు, దినాం పూస్తే ముడతలు పోతయట, మళ్లీ వచ్చేసరికి మంచిగ కనవడాలన్నడు అని చదివాను. ఎక్కడా తడబడలేదు కూడా. అవ్వ చేత్తో తన చెంప తడుముకున్నది. "మళ్లొక్కసారి చదువు బిడ్డా" అన్నది. రెండోసారి కూడా అట్లాగే చదివాను.

ఆ తెల్లారి నుంచి అవ్వ చేనుకు పోయే ముందు ముఖానికి ఆ జిడ్డు పూసుకునేది. మక్కలు కొట్టే కళ్లంలో పొట్టంతా ముఖానికి అంటుకునేది, చెమట పోక చెంపల నిండా పొక్కులు లేచేవి. కూలికి వచ్చిన ఆడవాళ్లు మూతులు ముడుచుకుని నవ్వుకునేవారు. అయినా మానలేదు, మొగుడు చెప్పాడు కదా. కాళ్ల పగుళ్లకు ఆముదం రాసి గుడ్డపేలికలు కట్టుకునేది గానీ, ఆ డబ్బాలోంచి చిటికెడు కూడా మడమలకు వాడలేదు, ముఖానికని పంపింది కాళ్లకు పూస్తే తప్పనుకున్నదేమో. అప్పుడప్పుడు వెలుతురుకు ముఖం తిప్పి, "తగ్గినయా బిడ్డా?" అని అడిగేది. తగ్గినయి అవ్వా అనేదాన్ని.

ఆ తర్వాతి సెలవుకు బాపు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అవ్వ కాళ్లు కడగడానికి చెంబుతో నీళ్లు తెచ్చింది. ఆమె వంగగానే బాపు చూపు ఆమె మడమల మీద పడింది.

"గిదేంది, కాళ్లు గట్లనే ఉన్నయి? కాళ్లకు పూస్కొమ్మనే గదా గా డబ్బ పంపిన! పూస్కోలేదా?"

అవ్వ చెంబు పట్టుకుని అట్లాగే ఆగిపోయింది. తర్వాత తలెత్తి నన్ను చూసింది. కోపంగా చూసినా నేను బతికిపోయేదాన్ని. "పూస్కున్న, డబ్బ ఒడిసింది" అని బాపుతో చెప్పి, నీళ్లు పోసింది. ఇన్ని నెలలు మొగుడికి తన ముఖం నచ్చలేదని బాధపడ్డ మనిషికి, ఆ ముఖాన్ని చూసి సిగ్గుపడ్డది తన కడుపున పుట్టిన బిడ్డ అని ఆ అరుగు ముందే తెలిసిపోయింది.

నన్ను ఒక్క మాట అనలేదు. ఉత్తరాలు కూడా మళ్లీ నాకే ఇచ్చింది, నేను అక్షరం మార్చకుండా చదివాను. ఇప్పుడు దుబాయిలో ఉన్నవాళ్లు ఫోనులోనే ఒకరి ముఖం ఒకరు చూసుకుని మాట్లాడుకుంటున్నారు, నడుమ చదివిపెట్టే పిల్లల అవసరం లేదు, అది మంచికే జరిగింది. మా బడికి తల్లులు చేను బట్టలతోనే వస్తారు, ఆడపిల్లలు పరుగెత్తుకుని పోయి వాళ్ల మెడలు కావలించుకుని, తరగతిలోకి లాక్కొచ్చి మా అమ్మ, మా అమ్మ అని చూపిస్తారు. చూసిన ప్రతిసారీ సంతోషం, దాని వెంటనే నా మీద నాకే అసహ్యం.

ఆ అరుగు సంగతి జరిగిన మరుసటి ఏడు నన్ను లక్సెట్టిపేట హాస్టల్లో వేశారు. అవ్వ అంగడి రోజున వచ్చేది, కానీ ఒక్కసారి కూడా గేటు దాటి లోపలికి రాలేదు. కొంగు ముక్కు దాకా లాక్కుని, మక్క గారెల మూట ఆయమ్మ చేతిలో పెట్టి, ఎవరు వచ్చారని అడిగితే ఊరి నుంచి పనిమనిషి వచ్చిందని చెప్పమని వెళ్లిపోయేది. ఒక రోజు వరండాలోంచి నేను ఆమెను చూశాను. నా చుట్టూ తోటి పిల్లలున్నారు. స్తంభం చాటుకు జరిగి, అవ్వ కుంటుకుంటూ బజారు మలుపు తిరిగేదాకా ఆగి, అప్పుడు మూట తెచ్చుకోవడానికి గేటు దగ్గరికి పోయాను.