ఉప్పునీళ్ల కాగితం

మొన్న నెల్లూరులో మా వీధి గంగరావి కొమ్మలు తీగలకు అడ్డమొస్తున్నాయని కరెంటోళ్లు నరికి రోడ్డు పక్కన పడేశారు. ఆ పచ్చిబెరడు వాసనకు మా బావ గుర్తొచ్చాడు. అక్క పోయాక ఆయన మైపాడులో, సముద్రం ఒడ్డున ఒంటరిగా ఉండేవాడు. పొద్దుపోక, టౌనులో కొట్టేసిన కొమ్మలు ఆటోలో వేయించుకుపోయి కాగితం చేసేవాడు. బెరడు ఒలిచి, బూడిదనీళ్లలో ఉడకబెట్టి, అక్క రోట్లోనే మెత్తగా దంచేవాడు. ఆ గుజ్జు తొట్టినీళ్లలో కలిపి, చట్రానికి బిగించిన దోమతెరతో పైకెత్తితే పల్చటి పొర నిలిచేది. దాన్ని గోడకు అంటించి ఆరబెట్టడమే. ఆయన దంచే చప్పుడుకు సముద్రం రెండడుగులు వెనక్కి జరగడం నేను కళ్లారా చూశాను. మీరు నమ్మరు, వద్దులెండి.

చిక్కల్లా నీళ్లతోనే. ఆయన బోరులో ఉప్పునీళ్లు. ఎండకు పెళపెళలాడిన కాగితం సముద్రపుగాలి సోకగానే నిన్నటి అప్పడమైపోయేది. "ఇది దేనికి పనికొస్తాదిరా?" అని దిగులుపడ్డాడు. ఆ దిగులు కాగితం గురించి కాదు. ఆ గడప తొక్కే మనిషి లేడని. నేను తిన్నగా పడవల దగ్గరికి పోయి, మా బావ కాగితం మెత్తబడితే వాన, చెమ్మగిల్లితే తుఫాను అని చెప్పొచ్చాను. ఇక సాయంత్రమైతే చాలు, వేటకు పోయేవాళ్లంతా వచ్చి గోడ తడిమేవాళ్లు. "ఏం సారూ, మీ కాగితానికి మళ్లీ జలుబు చేసినట్టుందే!" అని వాళ్లంటే బావ పగలబడి నవ్వేవాడు. అక్క పోయాక ఆ నవ్వు వినడం అదే మొదలు.

ఒకరోజు నేల మీంచి వీచే పడమటిగాలికి కాగితం కరకరలాడుతోంది. ఫోన్లలో మాత్రం తుఫాను వస్తోంది, వేటకు పోవద్దని హెచ్చరిక. "కాగితం ఎండి ఉంటే ఫోన్ల మాటెందుకు? పదండ్రా" అని ఒక పెద్దాయన లేచాడు. బావ నా వంక చూశాడు. తర్వాత గోడ మీది కాగితం సర్రున లాగి చించేశాడు.

"పోబాకండి. ఇది వట్టి ఉప్పునీళ్ల కాగితం. దీనికి తుఫానూ తెలీదు, పాడూ తెలీదు. అంతా మా బామ్మర్ది కోతలు."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం సారూ?"

"చెప్తే మీరు రారు గదా."

ఆ తుఫానుకు పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఎవరూ ఆయన్ను పల్లెత్తు మాట అనలేదు. ఎవరూ మళ్లీ రాలేదు కూడా.

"ఇంకో కథ పుట్టించనా బావా?" అన్నాను.

"వద్దులేరా. నువ్వు కూర్చో."

ఇప్పుడు ఆయనా లేడు. నా కథలు నమ్మేవాళ్లు ఇప్పటికీ దొరుకుతారు. అబద్ధమని తెలిసీ పక్కన కూర్చోబెట్టుకునే మనిషిని మాత్రం కాలం ఒక్కసారే ఇస్తుంది.